తమ్ముడి మీద పెట్టిన రాయి

పోయిన నెల స్నానాల గదిలో కాలు జారి పడ్డాను. పెద్ద దెబ్బేమీ కాదు. అయినా మా కోడలు ఊరుకోకుండా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. మీసాలు కూడా సరిగా రాని డాక్టరు ఒకతను నా తొడ ఎముక ఫోటో తీయించి, దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని, "ఎముకలు గుల్లబారినయి అమ్మమ్మా, జాగ్రత్తగ ఉండాలె" అన్నాడు. వీడికి నేను ఏ వరసన అమ్మమ్మనో నాకు తెలియదు. నోటి దాకా వచ్చిన మాట మింగేసి ఆ ఫోటో వైపు చూశాను. పైన గుండ్రంగా గుండులా ఉంది, కిందికి పోయేకొద్దీ సన్నబడింది. ఈ ఆకారాన్ని చిన్నప్పుడు తడిమి చూశాను నేను. అయితే అది నాకంటే పెద్దది, రాయిది. మా తమ్ముడి మీద ఉండేది.

దారి పొడుగునా కోడలు ఏవేవో మందుల గురించి చెబుతూనే ఉంది. నేను మాత్రం ఎర్రమట్టి చెలకలో, మోదుగు చెట్టు కింద ఉన్నాను.

మాది ప్రాణహిత ఒడ్డున, అడవిని ఆనుకుని ఉన్న పల్లె. చెన్నూరు అంగడికి పోవాలంటే కోడి కూసే వేళకు బండి కట్టాలి. ఇప్పుడు వెతికితే ఆ పల్లె అక్కడ లేదు. పేరు ఉంది గానీ నాకు తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు, తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. మా చెలకలన్నీ, వాన మీద పండే చేలన్నీ, ఎర్రమట్టివి. వానలు వెలిశాక ఆ మట్టిలోంచి రాళ్ళు తేలేవి. మామూలు రాళ్ళు కావవి. చచ్చిన పశువు ఎముకల్లాగే గుండ్లు, గుంతలు, వెన్నుపూసలు అన్నీ ఉండేవి. ఎత్తబోతే మాత్రం నడుము విరిగేంత బరువు. మా వైపు ఎముకను బొక్క అంటాం. వాటికి మావాళ్ళు పెట్టుకున్న పేరు రాక్షసి బొక్కలు. భీముడు రాక్షసులను చంపి, కాళ్ళూ చేతులూ విరిచి మా చెలకల్లో పారేశాడని నాయినమ్మ చెప్పేది. ఎవరి చెలకలో ఎక్కువ బొక్కలు తేలితే వాళ్ళు భీముణ్ణి ఎక్కువ తిట్టుకునేవాళ్ళు, నాగలి కర్రులు విరుగుతాయి కదా.

కర్రు విరిచే రాళ్ళే అయినా వాటికి ఒక పని ఉండేది మా ఊళ్ళో. పురిటి పిల్లలు పోతే కాల్చరు, బొందపెడతారు. పిల్లల బొందలు లోతుగా తవ్వరు కాబట్టి నక్కలు వస్తాయి. అందుకని ఆ బొంద మీద ఒక రాక్షసి బొక్కను మోసుకొచ్చి పెట్టేవాళ్ళు. ఆ వాసనకు నక్క దగ్గరికి రాదని నమ్మకం. వాసనకో బరువుకో, నిజంగానే వచ్చేది కాదు. ఎవరి చెలక గట్టు మీదైనా అట్లాంటి బొక్క ఒంటరిగా కనబడితే పిల్లలం దాని మీద కూర్చునేవాళ్ళం కాదు. పక్కనుంచి మాట్లాడకుండా పోయేవాళ్ళం.

ఆ ఏడు వానాకాలం చివర మాకు తమ్ముడు పుట్టాడు. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. నా తర్వాత అవ్వకు నిలిచిన కాన్పు లేదు. అందుకని ఇల్లంతా మెంతుల వాసన, వాము పొగ, నాయినమ్మ అరుపులు. తమ్ముడి తలకు రాసిన ఆముదం వాసన నా చేతులకు అంటుకుంటే కడుక్కోకుండా అన్నం తినేదాన్ని. ఇరవై ఒకటో నాడు తొట్టెల వేసి పేరు పెడదామని, నన్ను ఊపిన పాత ఎర్ర చీరనే ఉతికి ఆరేసి పెట్టింది అవ్వ.

తొట్టెల దాకా రాలేదు. ఒకనాడు పొద్దున పాలు పట్టలేదు. సాయంత్రానికి వాడి దవడలు బిగుసుకుపోయాయి. ఉట్నూరు దాటి ఎక్కడో ఆకుమందు ఇచ్చేవాడు ఉన్నాడన్నారు, చెన్నూరులో సూదిమందు ఉందన్నారు. బాపు బండి కట్టేలోపే అయిపోయింది. ఆడవాళ్ళు అటువైపు పోకూడదు. బాపే వాణ్ణి తుండుగుడ్డలో చుట్టుకుని మా చెలకకు తీసుకుపోయాడు. మోదుగు చెట్టు కింద పెట్టి, ఇద్దరు మనుషుల సాయంతో పెద్ద రాక్షసి బొక్కను దొర్లించి మీద పెట్టి వచ్చాడు.

ఆ తర్వాత అవ్వ మాట్లాడటం మానేసింది. మానేసింది అంటే పట్టుబట్టి కాదు. మాట రాలేదు. పొద్దున లేచి వాకిలి ఊడ్చేది, అంబలి కాచేది, మాకు పోసి తను పోసుకునేది కాదు. ఆడవాళ్ళు పోకూడదన్నా ఆగకుండా, పొద్దు వాలేవేళకు చెలకకు పోయి ఆ బొక్క పక్కన కూర్చునేది. అరచెయ్యి దాని మీద పెట్టి, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు మెల్లగా కొట్టేది. ఆమె మెడ ఎముకలు బయటికి వచ్చాయి. నాకు అవ్వను చూస్తే భయమేసేది. ఎత్తుకొమ్మని అడిగే వయసు దాటిపోయింది, అయినా ఎత్తుకుంటే బాగుండు అనిపించేది.

"పోయినోడు పోయిండు. గీ కోడలు పిల్ల గూడ చేతుల్నించి పోతాంది కొడకా" అని నాయినమ్మ ఒకనాడు బాపుతో అన్నది. బాపు ఎడ్లకు గడ్డి వేస్తూ ఉండిపోయాడు.

చలికాలంలో కలకత్తా సార్లు వచ్చారు. ఒక జీపు, వెనక రెండు బండ్ల మీద గుడారాలు, పెట్టెలు, కిరసనాయిలు డబ్బాలు. వాగు ఒడ్డున గుడారాలు వేశారు. సర్కారు రోడ్డు వేస్తుందని కొందరు, కాదు బొగ్గుబావి తవ్వుతారని కొందరు అన్నారు. రాక్షసి బొక్కల కోసం వచ్చారని తెలిశాక ఊరంతా ఒక రోజు పని మానుకుని నవ్వింది.

వాళ్ళలో పెద్దాయనను మేం కలకత్తా సారు అనేవాళ్ళం. బక్కపలచటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, గుడ్డ టోపీ. తెలుగు ముక్క రాదు. హిందీ కూడా ఆయన నోట్లో గుండ్రంగా తిరిగి వచ్చేది. బాపు నిజాం కాలంలో చెన్నూరులో ఉర్దూ చదువు నాలుగు తరగతులు చదివాడు. ఊళ్ళో ఆయనతో మాట్లాడగలిగినవాడు బాపు ఒక్కడే. పైగా బొక్కలు ఎక్కువ తేలింది మా చెలకలోనే. అట్లా సారు మాట మాకు చెప్పడం, మా మాట సారుకు చెప్పడం బాపు పని అయింది.

సారు రాయిని గుర్తుపట్టే తీరు చూసి మేం పిల్లలం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. చిన్న ముక్క ఏది దొరికినా ఊది, తుడిచి, నాలుకకు ఆనించేవాడు. అంటుకుంటే బొక్క. అంటుకోకపోతే ఉత్త రాయి. "కలకత్తాల తిండి దొరకదా ఏంది, గీ సారు రాళ్ళు నాకుతాండు" అని నాయినమ్మ బుగ్గలు నొక్కుకుంది. ముక్క తెచ్చిన పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళ ఇస్తారని తెలిశాక మా తెలివి పెరిగింది. చచ్చిన బర్రెను ఈడ్చేసే చోటికి పోయి ఎండిన ఎముకలు ఏరి, ఎర్రమట్టి పూసి తీసుకుపోయాం. సారు చేతిలో పట్టుకుని బరువు చూసి, మా మొహాలు చూసి, ఏమీ అనకుండా బిళ్ళలు ఇచ్చి పంపాడు. మరునాడు కుక్కలు రోజూ కాలెత్తే రాయిని ముక్కలు చేసి తీసుకుపోయాం. ఆయన నాలుకకు ఆనించబోతుంటే మాలో ఒకడు నవ్వు ఆపుకోలేక బయటపెట్టేశాడు. ఆ రోజు బిళ్ళలు లేవు. బాపు చేతిలో నాకు చింతబరికె దెబ్బలు మాత్రం దొరికాయి.

సారుకు చేపలంటే ప్రాణం. ప్రాణహితలో పడ్డ చేప మంచిది ఏదైనా గుడారానికి పోయేది. ఒక సాయంత్రం బాపు ఆయనను మా ఇంటికి పిలిచాడు. నులకమంచం మీద కూర్చుని జొన్నరొట్టెతో చేపల పులుసు తిన్నాడు. ముల్లు ఒక్కటి నోట్లోకి పోకుండా వేళ్ళతోనే తీసేసే ఆ నేర్పు చూసి నాయినమ్మకు ఆయన మీద గౌరవం పుట్టింది. "ముల్లు దీసుడు సూస్తె మనూరోడే అనిపిస్తాండు" అన్నది.

ఆ రాత్రే ఆయన బొక్కల సంగతి చెప్పాడు. ఆయన చెప్పేవాడు, బాపు ఆగి ఆలోచించి తెలుగు చేసేవాడు. ఇది రాక్షసి కాదట, జంతువు. ఏనుగు కంటే పెద్దది, మెడ పొడుగు, ఆకులు తిని బతికేది. మా చెలక ఉన్నచోట అప్పుడు నది పారేదట. ఆ జంతువు నది ఒడ్డున చచ్చిపోతే వరద వచ్చి ఒండ్రు కప్పేసింది. మాంసం కుళ్ళిపోయింది. బొక్కలోని సన్నటి కంతల్లోకి నీళ్ళు దిగి, ఆ నీళ్ళలోని సున్నం, ఇసుక గట్టిపడి, బొక్క మెల్లమెల్లగా రాయి అయిపోయింది.

"ఎన్నేండ్ల కింద?" అని అడిగాం. బాపు సారు చెప్పిన లెక్క విని తికమకపడ్డాడు. "మనిషన్నోడే పుట్టనప్పటిదట" అన్నాడు చివరికి.

"మనిషే లేకపోతె సూసినోడెవడు? గీయనకు ఎవలు జెప్పిన్రు?" అన్నది నాయినమ్మ.

బాపు అది కూడా హిందీలో చెప్పేశాడు. సారు చాలాసేపు నవ్వాడు. తర్వాత మా వాకిట్లో పడి ఉన్న వెన్నుపూస మీద చెయ్యి వేసి, ఇదే చెప్పింది అన్నాడు. ఒక చిన్న బొక్క దొరికితే చాలట, అది నడిచేదా ఈదేదా, ఏం తినేది, దేని తర్వాత పుట్టింది అన్నీ తెలుస్తాయట. ఒకదాని నుంచి ఇంకొకటి మారుతూ మారుతూ ఇప్పటి జీవాలన్నీ వచ్చాయట. నాకు సగం అర్థం కాలేదు. కానీ మా చెలకలో నది పారిందన్న మాటకు ఒళ్ళు జలదరించింది. తలుపు వెనక చీకట్లో అవ్వ నిలబడి ఉంది. ఆమె కదలకుండా వింటోందని నేను గమనించాను.

తవ్వకం సంక్రాంతి దాటాక ఊపందుకుంది. పక్కటెముకలు, తోక పూసలు వరసగా బయటపడ్డాయి. ఒక కాలి బొక్క దొరికింది గానీ కింది సగమే. పై సగం విరిగి ఎక్కడికో పోయింది. సారు మనుషులతో చెలకంతా గాలించాడు. నడుముకు కాలు అతికేది ఆ పై సగం దగ్గరే కాబట్టి, అది దొరికితే ఆ జంతువు ఎట్లా నిలబడేదో, ఎట్లా నడిచేదో తెలుస్తుందని బాపుతో రోజూ అనేవాడట.

ఒక మధ్యాహ్నం సారు నీడ కోసం మోదుగు చెట్టు కిందికి పోయాడు. చెట్టంతా ఎర్రగా పూసి ఉంది, కింద పూలు రాలి ఉన్నాయి. ఆ పూల మధ్య బొక్కను చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి, టేపుతో కొలిచి, పిల్లవాడిలా కేక వేసి బాపును పిలిచాడు. నేను బాపు వెంటే పరుగెత్తాను. బాపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. సారు సంతోషంగా ఏదో చెబుతూ రాయిని ఎత్తమని చేతులతో చూపించాడు. బాపు తల వంచుకుని రెండే మాటలు చెప్పాడు.

సారు చెయ్యి రాయి మీది నుంచి తీసేశాడు. టోపీ తీశాడు. "నహీ నహీ. రహనే దో" అన్నాడు. వద్దు, ఉండనీ అని. నేల మీద తను మోకాళ్ళు పెట్టిన చోట మట్టిని చేత్తో సరిచేసి లేచాడు. ఆ తర్వాత ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మాకు తెలిసిన పెద్దమనుషుల్లో చాలామంది అట్లా వదిలేసి లేచేవాళ్ళు కాదు.

ఈ సంగతి అవ్వకు ఎవరు చెప్పారో తెలియదు. నేనే వాగి ఉంటాను. రెండు మూడు రోజుల తర్వాత, పొద్దు వాలేవేళ, అవ్వ ఎప్పటిలాగే చెలకకు పోయింది. ఈసారి రాయి దగ్గర ఆగకుండా నేరుగా తవ్వకం దగ్గరికి వచ్చింది. కొంగు నిండా కప్పుకుని గుంత అంచున నిలబడింది. పనివాళ్ళు గడ్డపారలు ఆపారు.

"ఏమయ్యా" అన్నది బాపుతో. ఎన్నాళ్ళకో విన్న గొంతు అది. కీచుగా, అరిగిపోయి వచ్చింది. "సారును ఒక మాట అడుగు. మావోడు గూడ గిదే మట్టిల ఉన్నడు గద. వాని బొక్కలు గూడ రాయైతయా? గిట్లనే ఉంటయా?"

బాపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత సారు వైపు తిరిగి హిందీలో అడిగాడు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చాలాసేపు, మెల్లగా, నేల చూస్తూ మాట్లాడాడు. చివర అవ్వ వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాపు అవ్వ వైపు తిరిగాడు.

"ఐతయట" అన్నాడు. "జర ఆలస్యమైతదట గని, ఐతయట. మన మట్టి అసొంటిదట. గీ మట్టిల వెట్టింది ఏదీ పోదట."

"నిజంగనేనా?"

"నేను జెప్తలేను. సారు జెప్తాండు."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుంతలో పడుకుని ఉన్న ఆ పక్కటెముకల వరసను చాలాసేపు చూసింది. "గట్లయితె గా రాయి తీస్కపొమ్మను. వాడు పోకుంటె సాలు నాకు. దాని కాలు దానికి పెట్టుకొమ్మను" అన్నది.

బాపు ఆ మాట చెప్పినప్పుడు సారు మొహంలో వెలుగు రాలేదు. ఆయన బాపును ఏదో అడిగాడు, బాపు ఏదో సర్దిచెప్పాడు. పెద్దవాళ్ళ మాటలు అనుకున్నాను.

ఆ రాత్రి అవ్వ అన్నం తిన్నది. పచ్చిపులుసు పోసుకుని, పళ్ళెం గీరి మరీ తిన్నది. నాయినమ్మ దీపం వెనక కూర్చుని కళ్ళు ఒత్తుకుంటుంటే నేను అవ్వ ఒడిలోకి జరిగాను. ఆమె నన్ను తొయ్యలేదు. నా జుట్టులో వేళ్ళు పెట్టి, "పేండ్లు వడ్డయి పోరీ, రేపు తీస్త" అన్నది. అంతకంటే మంచి మాట నా బతుకులో ఎవరూ నాతో అనలేదు.

మరునాడు రాయిని కట్టే పని. బొక్కలు దారిలో పగలకుండా వాటికి గోనెపట్టీలు చుట్టి, సున్నంలాంటి తెల్లటి పిండిని కలిపి మీద పూసేవాళ్ళు. అది గట్టిపడితే కట్టు కట్టిన చెయ్యిలా ఉండేది. అవ్వ ఇంట్లోంచి ఆ ఎర్ర చీర తెచ్చింది. తొట్టెల కోసం ఉతికి పెట్టిన చీర. దాన్ని విప్పి, గోనెపట్టీల కంటే ముందు తానే రాయికి చుట్టింది. కింద చెయ్యి పెట్టి, పసివాణ్ణి మెడ దగ్గర పట్టి చుట్టినట్టు చుట్టింది. పనివాళ్ళు సారు వైపు చూశారు. సారు కానివ్వమని తల ఊపాడు. ఏ రాయిని పడితే ఆ రాయిని నాలుకకు ఆనించే మనిషి ఈ రాయి మీద చెయ్యి కూడా అవ్వను అడిగే వేశాడు. చీర మీద గోనె, గోనె మీద తెల్లటి పూత. అవ్వ ఆరేదాకా పక్కనే కూర్చుంది.

తర్వాత ఇంటికి వచ్చి ఇసుర్రాయి ముందు నిలబడింది. రోజూ జొన్నలు విసిరే రాయి అది. పైరాయిని పక్కకు దించింది.

"గదేందే పిల్లా?" అన్నది నాయినమ్మ.

"వాని మీద ఉత్తగ ఎట్ల ఉంచాలె అత్తా? నక్కలు రావా?"

"ఇంట్ల ఇసుర్రాయి తీస్కపోయి బొంద మీద పెడ్తరా ఎవలన్న! రేపు రొట్టె ఎట్ల తింటవ్? నీకు దిమాక్ గిన కరాబైందా?"

అవ్వ వంగి రాయిని ఎత్తబోయింది. లేవలేదు, ఒంట్లో సత్తువ లేదు కదా. నాయినమ్మ కాసేపు తిట్టింది, కాసేపు భీముణ్ణి తిట్టింది, చివరికి తనే వచ్చి రెండో పక్కన పట్టుకుంది. ఆడవాళ్ళు పోకూడని చోటికి అత్తాకోడళ్ళిద్దరూ ఆ రాయిని మోసుకుపోయారు. వెనక నేను. మోదుగు పూలు పక్కకు ఊడ్చి పెట్టి వచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మేం పక్కింటికి పోయి జొన్నలు విసురుకొచ్చాం. కొత్త ఇసుర్రాయి కొందామని బాపు అన్నప్పుడల్లా అవ్వ ఇప్పుడు కాదులే అనేది.

ఎండలు ముదిరాక, అడవంతా ఇప్పపువ్వు వాసన కమ్మిన రోజుల్లో, సార్లు గుడారాలు పీకారు. కట్టిన బొక్కలన్నీ బండ్ల మీద మంచిర్యాలకు, అక్కడినుంచి రైలు మీద కలకత్తాకు. మా రాయి ఉన్న బండిని బాపు తోలాడు. అవ్వ ఊరి పొలిమేర దాకా బండి వెంట నడిచింది. ఉడికించిన ఇప్పపూలు, నువ్వులు కలిపి దంచిన ముద్దలు మూటగట్టి సారు చేతిలో పెట్టింది. సారు ఆమెకు మళ్ళీ చేతులు జోడించాడు. ఆయనను మేం మళ్ళీ చూడలేదు. ఆ ఏడు వానలకు గుంతలన్నీ పూడుకుపోయాయి. మరుసటి ఏడు అక్కడ జొన్న వేశాం.

అవ్వకు ఆ తర్వాత పిల్లలు కలగలేదు. అయినా బతికింది. నవ్వింది, తగవులాడింది, అంగడికి పోయి గాజులు వేయించుకుంది. నాకు నస్పూరు పక్క సంబంధం చూసి పెళ్ళి చేసింది. మా ఆయన బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఒకసారి బావిలోంచి ఒక నల్లటి పలక తెచ్చాడు. దాని మీద ఆకు అచ్చు ఉంది. ఈనెలు కూడా కనబడుతున్నాయి, నిన్ననే రాలినట్టు. అవ్వా బాపూ వచ్చినప్పుడు చూపించాను. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూపుడువేలితో ఒక్కో ఈనె మీద గీస్తూ, "సూసినవా బిడ్డా, ఆకే పోలేదు. మావోడెట్ల పోతడు?" అన్నది. సంతోషంతో ఆమె మొహం చిన్నపిల్ల మొహం అయింది. బాపు కండువా తీసుకుని బయటికి పోయాడు. చుట్ట తాగడానికనుకున్నాను. ఆయన చుట్ట లోపల గూట్లోనే ఉంది.

అవ్వ పోయేముందు అడిగిన కోరిక ఒక్కటే. "నన్ను కాలవెట్టకుండ్రి. వాని పక్కన పెట్టుండ్రి" అన్నది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళను కాలుస్తాం. దాయాదులైన పాలివాళ్ళంతా వాకిట్లో కూడి, ఎన్నడూ లేని ఆనవాయితీ ఇప్పుడెందుకన్నారు. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని బాపు కట్టె పట్టుకుని లేచాడు. "కాలిస్తె బొక్కలు పలుగుతయి. మట్టిల్నే పెట్టాలె. రానోడు రాకుండ్రి" అన్నాడు. ముసలోడికి మతి పోయిందనుకుని వచ్చారు.

మోదుగు చెట్టు ముసలిదై సగం ఎండిపోయింది. ఇసుర్రాయి మట్టిలో కూరుకుపోయి అంచు మాత్రమే కనబడుతోంది. దాని పక్కనే తవ్వమన్నాడు బాపు. వాన తడికి మట్టి మెత్తగా ఉంది. తవ్వేవాళ్ళు రాయి కిందికి కూడా కాస్త జరిగారు. ఆ పక్క మట్టి అంచు విరిగి పడింది. బాపు వంగి తమ్ముణ్ణి పెట్టిన ఆ చోటు చూశాడు, నేనూ చూశాను. ఏమీ లేదు. చిన్న ముక్క కూడా లేదు. ఉత్త ఎర్రమట్టి.

నేను గట్టిగా అరిచి ఉంటాను. బాపు నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"నాకెరికనే బిడ్డా" అన్నాడు. "సారు గా దినమే జెప్పిండు. పసిపిల్లల బొక్కలు లేతగ ఉంటయట. కొన్ని వానలకే మట్టిల కలుస్తయట. గా పెద్దదాన్ని నది గప్పింది కాబట్టి మిగిలిందట. అబద్ధం జెప్ప నాకు నోరు రాదు, మీ ఇంటామెను మన్నించుమను అని దండం వెట్టిండు. ఆయనకు నోరు రాలె. అందుకే నాకు రావాల్సొచ్చింది."

అవ్వ నమ్మకాన్ని తలుచుకుంటే నాకు ఏడుపు వచ్చింది, ఆ అబద్ధాన్ని అన్ని ఏళ్ళు ఒంటరిగా మోసిన ఈ మనిషిని చూస్తే అంతకంటే ఎక్కువ వచ్చింది. అవ్వను దించారు. బాపు మొదటి పిడికెడు మట్టి వేశాడు. అందరూ వెళ్ళిపోయాక కూడా అక్కడే కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు.

"నన్ను గూడ గిక్కడ్నే పెట్టుండ్రి" అన్నాడు.

"ఏం మిగలదని ఎరికై గూడనా బాపూ?"

"నాకెరికనే. మీ అవ్వకు ఎరిక లేదు గద" అన్నాడు. "ఎదురుసూస్తది."

ఎక్కువ కాలం పట్టలేదు. ఆయనను కూడా అక్కడే పెట్టాం.